ఎమరాల్డ్ యాష్ బోరర్: బయటపడిన ఏడు వేరు, వచ్చిన ఏడు వేరు

మన తుమ్మచెట్ల మీద మెరిసే జీరంగులది బ్యుప్రెస్టిడే కుటుంబం. అదే కుటుంబానికి చెందిన ఎమరాల్డ్ యాష్ బోరర్ ఉత్తర అమెరికాలో కోట్లాది యాష్ చెట్లను చంపింది. దీని శాస్త్రీయ నామం అగ్రిలస్ ప్లానిపెన్నిస్. ఇది ఎక్కడెక్కడ ఉందో చూపే పటాలను ఎంతవరకు నమ్మవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రూపం

ఎదిగిన పురుగు పొడవు 8.5 నుంచి 14 మిల్లీమీటర్లు. సన్నని ఒళ్లు, లోహంలా మెరిసే పచ్చదనం. ఈ రంగు ఒక్కటే చూసి గుర్తుపడితే పొరబడే అవకాశం ఉంది, ఎందుకంటే అగ్రిలస్ ప్రజాతిలో పచ్చనివి ఇంకా ఉన్నాయి. రెక్కలు విప్పి చూస్తే పొట్ట పైభాగం రాగి ఎరుపులో కనిపిస్తుంది. ఇదే నమ్మదగిన గుర్తు.

చెట్టు మీదా ఆనవాలు మిగులుతుంది. పురుగు బయటికొచ్చిన రంధ్రం 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక పక్క చదును, మరో పక్క గుండ్రన: అచ్చం ఇంగ్లిషు ‘డి’ అక్షరం. బెరడు ఊడదీస్తే లార్వాలు తొలిచిన మెలికల దారులు బయటపడతాయి. చెట్టుకు ఆహారం అందించే పొర అక్కడే తెగిపోతుంది.

విస్తరణ

ఈశాన్య చైనా, కొరియా, రష్యా తూర్పు కొస దీని స్వస్థలాలు. ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ ఫెయిర్‌మేర్ 1888లో దీన్ని వర్ణించాడు. అక్కడి యాష్ జాతులు చాలావరకు తట్టుకుంటాయి, నీరసించిన చెట్లకే ఎక్కువ హాని. 2002లో ఇది అమెరికాలోని డెట్రాయిట్, కెనడాలోని విండ్సర్ పరిసరాల్లో బయటపడింది. 2003లో మాస్కోలో, 2019లో ఉక్రెయిన్‌లో, 2022లో అమెరికాలోని ఒరెగాన్‌లో కనిపించింది.

ఇవన్నీ గుర్తించిన ఏళ్లు. వచ్చిన ఏళ్లు వేరు. ఆగ్నేయ మిషిగన్‌లో యాష్ చెట్ల వార్షిక వలయాలను పరీక్షించిన అధ్యయనం 2014లో వెలువడింది. 1997 నాటికే అక్కడ చెట్లు చనిపోయాయనీ, పురుగు 1990ల తొలి, మధ్య సంవత్సరాల్లో స్థిరపడి ఉంటుందనీ అది అంచనా వేసింది. ఇంత ఆలస్యానికి ఒక కారణం ఉంది. దాడి సాధారణంగా పైకొమ్మల్లో మొదలవుతుంది. ఆకులు పలచబడి మన కంటపడేసరికి కొన్నేళ్లు గడిచిపోతాయి.

పటాన్ని గుడ్డిగా నమ్మలేకపోవడానికి దూరం కూడా ఒక కారణం. ఒరెగాన్‌కూ అప్పటికి తెలిసిన ఇతర స్థావరాలకూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉంది. అంత దూరం ఎగిరి వెళ్లిందనడం కంటే కట్టెలతోనో మొక్కలతోనో చేరిందనుకోవడమే సబబు.

కాబట్టి పటంలో ఖాళీగా ఉన్న చోటును పురుగు లేని చోటుగా చదవకూడదు. అమెరికాలో పెరట్లో యాష్ చెట్టు ఉన్న తెలుగువారు బెరడు మీద ‘డి’ రంధ్రం కనిపిస్తే తమ రాష్ట్ర వ్యవసాయ శాఖకు తెలియజేయాలి. క్యాంపింగ్‌కు వెళ్లేటప్పుడు కట్టెలు వెంట తీసుకెళ్లకుండా వెళ్లిన చోటే కొనుక్కోవాలి.