సోల్ వీధిలో బుధవారాలు: లైంగిక హింస బాధితుల ఉద్యమం, ఊరట

1991 ఆగస్టు 14న కిమ్ హక్ సున్ అనే వృద్ధురాలు సోల్‌లో విలేఖరుల ముందు నోరు విప్పారు. పదిహేడేళ్ల వయసులో జపాన్ సైన్యం తనను లైంగిక బానిసను చేసిందని సొంత పేరుతో చెప్పారు. దక్షిణ కొరియాలో ఆ మాట అలా బాహాటంగా చెప్పిన మొదటి బాధితురాలు ఆవిడే. భర్తా పిల్లలూ అప్పటికే పోయారు. పరువు పోతుందని అడ్డుపడేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. ఆవిడను చూసి ఒకరి తరవాత ఒకరు బయటికొచ్చారు. ప్రభుత్వం దగ్గర పేరు నమోదైనవారు 240 మంది.

1992 జనవరి 8న జపాన్ రాయబార కార్యాలయం ఎదుట మొదలైన నిరసన ఆపైన ప్రతి బుధవారమూ సాగింది. 1995లో కోబె భూకంపం వచ్చినప్పుడు మాత్రం ఆ వారం ఆపేశారు. 2011 సునామీ తరవాతి బుధవారం నినాదాలు మాని, చనిపోయిన జపాన్ ప్రజలకు నివాళి అర్పించారు. తాము కోరిన విధంగా క్షమాపణ చెప్పని దేశపు కష్టానికి ఆ ముసలమ్మలు కన్నీరు పెట్టడం, వాళ్ల మనసు ఎంత కుదుటపడిందో చెప్పడానికి ఏ కొలమానం కన్నా మంచి ఆధారమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన ‘ట్రామా అండ్ రికవరీ’లో కోలుకోవడానికి మూడు దశలు చెప్పారు: భద్రత, జరిగినదాన్ని తలుచుకుని దుఃఖించడం, తిరిగి నలుగురిలో కలవడం. కొందరు ఈ మూడో దశలో తమ గాయాన్నే సామాజిక కార్యంగా మలుచుకుంటారని ఆమె గమనించారు. కొందరే, అందరూ కాదు. ఎక్కువమంది తమ సొంత జీవితంలోనే ఊరట వెతుక్కుంటారు. ఉద్యమాల ఉత్సాహంలో ఈ తేడాను తరచూ మరిచిపోతుంటాం.

కొరియాలో ఆ మలుపు మరో బాధితురాలు కిమ్ బొక్ డాంగ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1993లో వియన్నాలో జరిగిన ప్రపంచ మానవ హక్కుల మహాసభలో ఆవిడ సాక్ష్యం చెప్పారు. 2012 మార్చి 8న తోటి బాధితురాలు గిల్ వన్ ఓక్‌తో కలిసి ఒక ప్రకటన చేశారు: జపాన్ పరిహారమంటూ ఇస్తే, ఆ డబ్బంతా యుద్ధాల్లో అత్యాచారాలకు గురైన ఇతర దేశాల స్త్రీలకే. అలా పుట్టిన ‘సీతాకోకచిలుక నిధి’ సాయం కాంగోలో రెబెక్కా మసికాకు అందింది. మసికా కూడా అత్యాచార బాధితురాలే; తనలాంటివారికి ఆశ్రయం నడిపేవారు. సాయం అందుకోవలసిన మనిషి సాయం చేసే మనిషి అయ్యారు. ఊరటకు అసలు కారణం ఇదే అనిపిస్తుంది. జరిగింది పదేపదే చెప్పుకోవడం ఒక్కటే అయితే పాత పుండు కెలుక్కున్నట్టే ఉండేది.

అన్ని గాయాలూ మైకు ముందే మానవు. బాధితులు కలిసి బతికిన ‘హౌస్ ఆఫ్ షేరింగ్’లో కొందరు ముసలితనంలో కుంచె పట్టారు. కిమ్ సున్ డక్ గీసిన ‘విచ్చుకోని పువ్వు’, కాంగ్ డక్ క్యాంగ్ బొమ్మలు అలా వచ్చినవే.

అయితే ఈ కథకు చేదు కోణం కూడా ఉంది. 2007లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పిన లీ యాంగ్ సూ, 2020 మేలో ఈ బుధవారం నిరసనలు నడిపిన ఉద్యమ సంస్థ మీదే విరుచుకుపడ్డారు. ముప్పై ఏళ్లుగా తనను వాడుకున్నారని, విరాళాలు బాధితులకు చేరలేదని ఆరోపించారు. సంస్థ మాజీ నాయకురాలు యూన్ మీ హ్యాంగ్‌కు నిధుల దుర్వినియోగం కేసులో పడిన శిక్షను 2024 నవంబరులో దక్షిణ కొరియా సుప్రీంకోర్టు ఖరారు చేసింది. వేదిక మీద బాధితురాలు, లెక్కల పుస్తకం మరొకరి చేతిలో ఉంటే ఉద్యమమే రెండో గాయమవుతుంది. బాధితుల సంఘాల మీద జరిగే పరిశోధనలు ఊరటను కొలిచే ముందు, నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారో ఆరా తీయాలి.

లీ యాంగ్ సూ మాత్రం పోరాటం మానలేదు. 2021 ఫిబ్రవరిలో, 92 ఏళ్ల వయసులో, ఈ వ్యవహారాన్ని అంతర్జాతీయ న్యాయస్థానానికి తీసుకెళ్లాలని తమ ప్రభుత్వాన్ని కోరారు.