వాటా లేని వారసులు

పుట్టుగుడ్డికి, చెవిటికి, మూగకు, మతి చెడినవాడికి తండ్రి ఆస్తిలో వాటా లేదని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. యాజ్ఞవల్క్య స్మృతి ఆ వరుసలో కుంటివాణ్ణి, నయంకాని రోగం ఉన్నవాణ్ణి కూడా చేర్చింది. వాటా తీసుకున్నవాళ్లు ఇలాంటి తోబుట్టువులకు బతికినంతకాలం కూడూ గుడ్డా పెట్టి తీరాలని రెండు స్మృతులూ విధించాయి. పెట్టనివాడు పతితుడవుతాడని మనువు హెచ్చరించాడు. వాటా పోయినవాడికి ఏ లోపమూ లేని కొడుకు పుడితే వాటా ఆ కొడుక్కి దక్కుతుంది. కూతుళ్లను పెళ్లయ్యేదాకా పోషించాలి.

కళ్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి (1076–1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన మితాక్షర ఈ నియమాన్ని కొంత సడలించింది. లోపం పంపకాలకు ముందే ఉంటేనే వాటా పోతుంది. పంచుకున్నాక చూపు పోయినా, కాలు పోయినా చేతికొచ్చిన ఆస్తిని లాక్కోకూడదు. మందులతో నయమైతే తర్వాతైనా వాటా ఇవ్వాలి. 13వ శతాబ్దంలో కేతన ఈ శాస్త్రాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగునాట హిందూ ఉమ్మడి కుటుంబాల పంపకాలకు మితాక్షరే ప్రమాణంగా నిలిచింది.

శాస్త్రం కూటికి హామీ ఇచ్చిందన్న మాట నిజమే. కానీ భూమి ఒకరి పేర, ఆకలి ఇంకొకరిది అయినప్పుడు ఆ హామీ అన్న మంచితనం మీద, వదిన ఓపిక మీద ఆధారపడిపోతుంది. పైగా తమ్ముడి లోపం అన్నకు లాభం. ఈ నియమంలోని అసలు అన్యాయం ఇక్కడుంది.

బ్రిటిష్ కాలంలో ఈ తగాదాలు కోర్టుకెక్కాయి. న్యాయమూర్తులు నియమాన్ని కొట్టెయ్యలేదు గాని బాగా బిగించారు. అంధత్వం, మూగతనం, చెవుడు పుట్టుకతో వచ్చినవై, నయంకానివై ఉండాలన్నారు; కుష్ఠు అయితే బాగా ముదిరినదై ఉండాలన్నారు. రుజువు భారం వాటా లేదన్నవాడిదే. అంటే తోడబుట్టినవాడు పుట్టుమూగ అని నిరూపించడానికి సొంత అన్నే సాక్షుల్ని వెంటబెట్టుకుని బోనెక్కాలి.

1928లో కేంద్ర శాసనసభ చేసిన చట్టం మితాక్షర ప్రాంతాల్లో ఈ అనర్హతలను తొలగించింది. పుట్టుకతోనే మతిలేనివాళ్లను మాత్రం బయటే ఉంచింది. అందరికంటే ఆసరా అవసరమైనవాళ్లు వాళ్లే. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ రోగం, లోపం, అంగవైకల్యం కారణంగా ఎవరూ వారసత్వానికి అనర్హులు కారని తేల్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే అది వర్తించింది కాబట్టి, వైకల్యం వల్ల పెళ్లి జరగక పుట్టింట్లోనే ఉండిపోయిన కూతుళ్లు కూడా వాటాదారులయ్యారు.

వాటా వచ్చింది గాని పోషణ చిక్కు తీరలేదు. 1956 నాటి మనోవర్తి చట్టం 20వ సెక్షన్‌లో మైనరు పిల్లలు, పెళ్లికాని కూతురు, వృద్ధ తల్లిదండ్రులు ఉన్నారు. వయసొచ్చిన వికలాంగ కొడుకు లేడు. 1973 నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ అతన్ని పోషించే బాధ్యత తండ్రి మీద పెట్టింది, తోబుట్టువుల మీద కాదు. ఇక తన స్వార్జితాన్ని తండ్రి ఎవరికైనా వీలునామా రాయవచ్చు. లోపమున్న బిడ్డకు ఎక్కువ రాస్తే మిగతావాళ్లు పక్షపాతం అంటారు. చూసుకుంటానన్న కొడుక్కి అంతా రాస్తే, రేపు చూడకపోతే అడిగేదెవరన్న భయం తల్లికి మిగులుతుంది.

ఈ భయానికి జవాబుగానే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. సంరక్షకుడు ఆస్తి లెక్కలు చూపాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ఆస్తి కలిగి ఉండే హక్కు, వారసత్వంగా పొందే హక్కు అందరితో సమానమని ప్రకటించింది. సాయంగా ఉన్న మనిషికి ఆ ఆస్తి లావాదేవీలో సొంత ప్రయోజనం అడ్డొస్తే, అతను ఆ లావాదేవీ నుంచి తప్పుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది.