ఐదు డాలర్ల నింజా

2014 నవంబరు. అమెరికాలో పాత వీడియో గేములు అమ్మే షాపులు. వాటి అరల్లో ఎవరూ ముట్టని ఒక గేమ్. పేరు ‘క్యూబిక్ నింజా’. 2011లో వచ్చింది. వచ్చిన సంగతే జనం మర్చిపోయారు. ఐదు డాలర్లకు అటూ ఇటూగా దొరికేది. ఉన్నట్టుండి దానికోసం వేట మొదలైంది. ఆన్‌లైన్‌లో ధర పది డాలర్లు దాటింది. ఇరవై దాటింది. నలభై కూడా దాటేసింది. గేమ్‌లో ఒక్క చుక్క మారలేదు. మరి ఏం జరిగింది?

జోర్డాన్ రాబెట్ అనే హ్యాకర్ గుట్టు విప్పాడు. ఆన్‌లైన్‌లో అతని పేరు ‘స్మీ’. నింటెండో కంపెనీ చేతి గేమ్ యంత్రం త్రీడీఎస్‌లోకి దారి దొరికిందని ముందే చెప్పాడు. ఆ దారి ఏ గేమ్‌లో ఉందో మాత్రం దాచాడు. ఇప్పుడు చెప్పేశాడు: క్యూబిక్ నింజాలో. ఇంతకీ ఆ దారి ఎందుకంత అవసరమైంది?

మార్కాపురం పలక కొన్న పిల్లాడు దాని మీద ఏ అక్షరమైనా దిద్దుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. త్రీడీఎస్ అలాంటి పలక కాదు. డబ్బు పోసి కొన్నా, నింటెండో డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామ్ ఒక్కటీ అందులో నడవదు. సొంతంగా గేమ్ రాసుకున్న కుర్రాడు దాన్ని తన యంత్రంలోనే ఆడుకోలేడు. ఇలా సొంతంగా రాసుకునే ప్రోగ్రాములనే హోమ్‌బ్రూ అంటారు. వాటికి తలుపు మూసి ఉంది. కానీ కిటికీ ఒకటి తెరిచి ఉండిపోయింది.

త్రీడీఎస్ మడత విప్పితే రెండు తెరలు. అందులో చదరపు నింజా. యంత్రాన్ని ఎటు వంచితే అటు జారతాడు. ఆటంతా అదే. అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోని సదుపాయం ఒకటుంది. మనమే ఒక స్టేజీ తయారుచేసి, క్యూఆర్ కోడ్‌గా మార్చి స్నేహితుడికి పంపొచ్చు. అతని త్రీడీఎస్ కెమెరా దాన్ని చదివేస్తుంది. అంటే బయటివాడు పంపిన డేటాని గేమ్ నమ్ముతుంది. ఎంతవరకు నమ్ముతుంది?

గుడ్డిగా. కెమెరా తెరుచుకుంది. నలుపు తెలుపు గళ్లు తెరలో కుదురుకున్నాయి. స్టేజీ వేషంలో లోపలికొచ్చిన ఆ డేటా, గేమ్ తనకోసం మెమరీలో వదిలిన చోటంతా నింపేసి, అక్కడితో ఆగకుండా పక్కకి పొర్లి, ప్రాసెసర్ ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో రాసిపెట్టుకున్న చోటు మీదికెక్కి, పాత చిరునామా చెరిపేసి కొత్త చిరునామా రాసేసింది. పగ్గాలు చేతికొచ్చాయి. ఎదురుగా ఇంకో గోడ!

డేటాగా వచ్చిన దేన్నీ ప్రోగ్రాముగా నడపనివ్వకుండా ప్రాసెసర్ దగ్గర కాపలా ఉంది. అందుకే స్మీ గేమ్‌లో అప్పటికే ఉన్న కోడ్‌నే ముక్కలు ముక్కలుగా ఏరి, వరసగా గుచ్చాడు. ఆ ముక్కలతో గ్రాఫిక్స్ చిప్‌ని పనిలోకి దించాడు. బొమ్మలు గీయడానికి ఆ చిప్ మెమరీలో నేరుగా రాయగలదు. ప్రాసెసర్‌కి ఉన్న కాపలా దానికి లేదు. గేమ్ అసలు కోడ్ మీద కొత్త కోడ్ వచ్చి కూర్చుంది. ఎస్డీ కార్డులోంచి హోమ్‌బ్రూ మెనూ తెర మీదికొచ్చింది. ఈ పద్ధతికి ‘నింజ్‌హాక్స్’ అని పేరు పెట్టి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. నింటెండో ఊరుకుంటుందా?

జపాన్ ఆన్‌లైన్ స్టోర్లోంచి క్యూబిక్ నింజా మాయమైంది. దారి మూసే అప్‌డేట్లు వచ్చాయి. 2015 జులైలో రెండో నింజ్‌హాక్స్ వచ్చింది. ఆగస్టులో ‘ఐరన్‌ఫాల్’ అనే గేమ్‌లో ఇంకో దారి బయటపడింది. ఆ గేమ్‌నీ స్టోర్లోంచి తీసేశారు. త్రీడీఎస్ యూట్యూబ్ యాప్‌లోంచి కూడా స్మీ దారి తీశాడు. ఒకటి మూస్తే ఇంకొకటి. ఇదంతా ఎక్కడ తేలుతుంది?

2015 డిసెంబరు ఆఖరు. జర్మనీలోని హాంబర్గ్. బయట చలికాలపు చీకటి. లోపల కేఓస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం మహాసభ. వేదిక మీద ముగ్గురు: స్మీ, అతనితోపాటు ప్లూటూ, డెరెక్ అనే మరో ఇద్దరు హ్యాకర్లు. ముందు గేమ్, తర్వాత యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ గుండెలాంటి కెర్నెల్, ఆ తర్వాత భద్రత చూసే రెండో ప్రాసెసర్. ఒక్కో పొరా ఎలా విడిపోయిందో అందరి ముందూ విప్పి చెప్పారు. కానీ దారి తెరిస్తే దొంగలూ వస్తారు కదా?

వచ్చారు. నింజ్‌హాక్స్‌లో దొంగ కాపీలు నడిపే ఏర్పాటు స్మీ పెట్టలేదు. తన పని సొంత ప్రోగ్రాములు రాసుకునేవాళ్ల కోసమేనని గీత గీశాడు. తర్వాత వేరేవాళ్లు వేరే దారుల్లో ఆ గీత దాటారు. గేములు చేసి బతికేవాళ్లకి అది నష్టమే. 2016 డిసెంబరులో నింటెండో ఎత్తు మార్చింది. త్రీడీఎస్‌లో లోపం కనిపెట్టి తమకే చెబితే 20,000 డాలర్ల దాకా బహుమతి ఇస్తామని ప్రకటించింది. మరి కిటికీ తెరిచిన ఆ కుర్రాడు?

మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. దాడి చేసేవాడి కళ్లతో చూసి గోడలు గట్టిచేసే పని. 2018లో బ్లాక్‌హ్యాట్ అనే కంప్యూటర్ భద్రత సదస్సులో దాని గురించే మాట్లాడాడు. 2023 మార్చి 27న త్రీడీఎస్ స్టోర్లో అమ్మకాలు ఆగిపోయాయి. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ ఆటలూ ఆగాయి. కంపెనీ చేతులు దులుపుకున్నా ఆ యంత్రం మూలన పడలేదు. దానికోసం కొత్త ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొన్నవాడికి తన వస్తువు మీద హక్కు ఉండాలి. ఆ హక్కే దాన్ని ఇంకా బతికిస్తోంది.