బోనెక్కని సాక్షులు

మా పెబ్బేరు సంతలో ఎద్దును కొనే రైతును ఎప్పుడైనా చూశారా? నోరు తెరిచి పండ్లు లెక్కపెడతాడు. గిట్టలు చూస్తాడు. మెడ తడిమి చూస్తాడు. నాలుగడుగులు నడిపించి మరీ చూస్తాడు. అంతా అయ్యాకగానీ బేరానికి దిగడు. అదే రైతు, ఊళ్లోకి ఓ స్వామి వేంచేశాడంటే మాత్రం ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకు వెళ్లి కాళ్లమీద పడతాడు. రైతునని ఏం లాభం లెండి! బండి దగ్గర వంకాయను నాలుగువైపులా తిప్పి చూసే మనమూ అంతే.

ఇది ఈనాటి సంగతీ కాదు, ఒక్క మా ఊరి సంగతీ కాదు. బొంబాయిలో నడిచిన 'మహారాజ్ పరువునష్టం కేసు' మీద 2024లో 'మహారాజ్' అని హిందీ సినిమా వచ్చింది గనక మీలో కొందరికి ఆ కథ తెలిసే ఉంటుంది. కానీ ఆ మహారాజుల మూలం మన తెలుగుగడ్డేనని ఎంతమందికి తెలుసు?

అవునండీ. పుష్టిమార్గం స్థాపించిన వల్లభాచార్యులవారిది తెలుగు బ్రాహ్మణ కుటుంబం. 1479లో చంపారణ్యంలో పుట్టారని చెబుతారు. కృష్ణుణ్ణి ఇంట్లో పసిబిడ్డలా లాలించి సేవించమన్న మార్గం ఆయనది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆడవాళ్లకు ఇంతకన్నా దగ్గరయిన భక్తి ఇంకొకటి ఉండదు. కన్నయ్యను మేలుకొలపడం, వెన్నపెట్టడం, ఉయ్యాల ఊపడం, ఇవన్నీ మనకు ఒకరు నేర్పాలా! పైగా అది సంసారుల మార్గం. గురుపీఠం వంశంలోనే తండ్రి నుంచి కొడుక్కు నడిచింది. ఆ వంశంవాళ్లే గుజరాతు, రాజస్థాన్, బొంబాయిల్లో మహారాజులయ్యారు. అక్కడ వాళ్లను తైలంగ బ్రాహ్మణులంటారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, దీక్ష తీసుకున్నప్పుడు భక్తుడు తనువు, మనసు, ధనం కృష్ణార్పణం అంటాడు. అర్పణం కృష్ణుడికి. మధ్యలో నిలబడింది గురువు. పోనుపోను ఆ మధ్యవాడే కృష్ణుడై కూర్చున్నాడు. బొంబాయి వర్తకులు సరుకుల మీద ఆయనకు రుసుము కట్టేవారు. ఆయన నమిలి వదిలిన తాంబూలం ప్రసాదం. ఆయన ధోవతి పిండిన నీళ్లు తీర్థం. ఆయన్ను ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపడం పుణ్యం. ఇంతవరకూ వెళ్లాక, తనువు కూడా ఆయనదే అనడానికి ఎంతసేపు పడుతుంది? ఇళ్లల్లోని కోడళ్లకూ కూతుళ్లకూ ఏం జరుగుతోందో అందరూ చెవిలో చెప్పుకునేవారే. పైకి అన్నవాడు లేడు.

అన్నవాడు కర్సన్‌దాస్ మూల్జీ. ఆ సంప్రదాయంలోనే పుట్టినవాడు. వితంతు వివాహం మీద వ్యాసం రాసినందుకు, పెంచిన పెద్దమ్మే ఇంట్లోంచి వెళ్లగొట్టిందట! 1860 అక్టోబరు 21న తన 'సత్యప్రకాశ్' పత్రికలో మహారాజులు భక్తుల భార్యలనూ కూతుళ్లనూ చెరుస్తున్నారని పేరుపెట్టి రాసేశాడు. ఆ పేరు జదునాథ్‌జీ బ్రిజ్‌రతన్‌జీ మహారాజుది. ఆయన ఊరుకోలేదు. 1861లో బొంబాయి సుప్రీంకోర్టులో 50,000 రూపాయలకు పరువునష్టం దావా వేశాడు.

ఇక్కడ భక్తులేం చేశారో చూడండి. భాటియా కులపెద్దలు సమావేశమై, మహారాజుకు వ్యతిరేకంగా ఎవరూ సాక్ష్యం చెప్పకూడదని, చెబితే కులంలోంచి వెలి అని కట్టుబాటు చేశారు. అది బయటపడి, ఆ పెద్దలమీదే కుట్రకేసు నడిచి జరిమానాలు పడ్డాయి. మహారాజును కాపాడింది ఆయన మహిమ కాదు, మామగార్లూ మరుదులూ చేసిన ఆ కట్టుబాటు!

1862 జనవరిలో విచారణ మొదలైంది. డాక్టర్ భావూ దాజీ బోనెక్కి, తాను మహారాజుకు సుఖవ్యాధికి వైద్యం చేశానని చెప్పాడు. వర్తక ప్రముఖులు కొందరు తెగించి తమకు తెలిసింది చెప్పారు. ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. నీతికి తప్పయినది మతానికి ఒప్పు కాజాలదన్నాడు జడ్జి ఆర్నాల్డ్. కర్సన్‌దాసు రాసింది నిజమేనని తేల్చి, ఖర్చులకింద 11,500 రూపాయలు ఇప్పించారు.

అంతా బాగానే ఉంది. కానీ నవలలు రాసే బుద్ధి కదా, నా మనసు తీర్పు దగ్గర ఆగదు. అన్ని రోజుల విచారణలో మాట్లాడిందంతా ఆడవాళ్లను గురించే. బోనెక్కి మాట్లాడిన ఆడది మాత్రం ఒక్కతీ లేదు. వైద్యులు చెప్పారు, సేట్లు చెప్పారు, వకీళ్లు వాదించారు. ఆ కోడళ్లు ఏ గుమ్మం వెనక నిలబడి ఈ కబుర్లు విన్నారో! దర్శనానికని కోడలికి జడవేసి, పూలుపెట్టి పంపిన అత్తగారు ఆ సాయంత్రం ఆ పిల్ల ముఖంలోకి చూసిందా? ఈ అత్తగారి జాడ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. కర్సన్‌దాసు మాత్రం ఇంగ్లండు వెళ్లివచ్చి, వెలిపడి, 1871లో నలభయ్యేళ్లయినా నిండకుండానే పోయాడు.

ఆడవాళ్లు బోనెక్కడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 2002లో హర్యానాలోని సిర్సా డేరానుంచి ఒక సాధ్వి పేరు రాయకుండా ప్రధానమంత్రికి ఉత్తరం రాసింది. ఆ డేరా గురువు గుర్మీత్ రామ్ రహీమ్. రక్తదాన శిబిరాలు పెట్టిస్తాడు, పాటలు పాడతాడు, తర్వాత సినిమాల్లోనూ వేశాడు. భక్తులు లక్షల్లో ఉన్నారు. ఆ ఉత్తరాన్ని అచ్చువేసిన పత్రికా సంపాదకుడు రామచందర్ ఛత్రపతిని ఆ ఏడాదే కాల్చారు. 2017లో గురువుకు ఇరవయ్యేళ్ల శిక్ష పడింది, ఇద్దరు సాధ్వులు ఎదురుగా నిలబడి చెప్పినందుకు. పదిహేనేళ్లు వాళ్లు ఆ మాటమీదే ఎలా నిలబడ్డారో!

మన దగ్గరా లేకపోలేదు. 2023 జూన్‌లో విశాఖపట్నంలో ఒక ఆశ్రమాధిపతిని, ఆశ్రమంలో పెరుగుతున్న పదిహేనేళ్ల పిల్ల చేసిన ఫిర్యాదు మీద పోలీసులు అరెస్టు చేశారు. కాళ్లకు గొలుసు వేశారని, కడుపునిండా తిండి కూడా పెట్టలేదని, అఘాయిత్యం చేశాడని ఆ పిల్ల చెప్పింది. ఇదంతా ఆశ్రమం భూమికోసం పన్నిన కుట్ర అన్నాడాయన. ఆ నిజానిజాలు కోర్టు తేల్చవలసినవి. కానీ ఆ పిల్ల ఎలా బయటపడిందో విన్నప్పటినుంచీ నాకు నిద్రపట్టలేదు. ఎలాగో తప్పించుకుని తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. రైల్లో, ముక్కూముఖం తెలియని తోటి ప్రయాణికులకు చెప్పుకుంది. వాళ్లు విన్నారు.