మహారాజా నందకుమారుని విచారణ

1775 వ సంవత్సరము ఆగస్టు 5 వ తేదీ ఉదయమున కలకత్తా కోటకు సమీపమున, కూలీబజారు అను చోట, ఒక వృద్ధ బ్రాహ్మణుని ఉరితీసిరి. ఆయన మహారాజా నందకుమారుడు. వయస్సు డెబ్బదికి చేరువ. మోపబడిన నేరము హత్య కాదు, రాజద్రోహమును కాదు. ఒక ఋణపత్రమును దొంగగా సృష్టించెననుట. నాటినుండి నేటివరకు ఈ వ్యవహారమును ముట్టిన ప్రతి చరిత్రకారుడును ఏదో ఒక పక్షము వహించినాడు. మనము మాత్రము కొంచెము నిదానముగా చూతము.

నందకుమారుడు మహాత్ముడని చెప్పుటకు మేము సాహసింపము. 1757లో ఆయన హుగ్లీ ఫౌజుదారుగా ఉండెను. ఆంగ్లేయులు ఫ్రెంచివారి చందర్‌నగరుపై పోవుచుండగా అడ్డుపడక ఊరకుండెను. నవాబు కొలువులోను, కంపెనీ కొలువులోను మెలగి, ఎత్తులకు పైయెత్తులు వేయ నేర్చినవాడు. వారన్ హేస్టింగ్సుతో ఆయనకు చిరకాల వైరము.

1774లో ఇంగ్లండునుండి ముగ్గురు కొత్త సభ్యులు, క్లేవరింగు, మాన్సన్, ఫ్రాన్సిసు అనువారు, గవర్నరు జనరలు ఆలోచనసభకు వచ్చిరి. వచ్చినది మొదలు వారు హేస్టింగ్సుకు ఎదురు నిలిచిరి. నందకుమారుడు సమయము కనిపెట్టెను. 1775 మార్చి 11న ఆయన లేఖను ఫ్రాన్సిసు సభ ముందుంచెను. హేస్టింగ్సు మున్నీబేగమునుండియు, తననుండియు మూడున్నర లక్షల రూపాయలకు పైగా లంచము గ్రహించెనని అందలి సారాంశము. వానిలో లక్షన్నర తనకు ముట్టినమాట హేస్టింగ్సు తరువాత ఒప్పుకొనెను గాని, అది ఆతిథ్యపు ఖర్చు క్రింద పుచ్చుకొన్నదనెను.

రెండు నెలలు నిండకముందే, మే 6న, నందకుమారుని బంధించిరి. ఫిర్యాదు చేసినవాడు హేస్టింగ్సు కాదు; మోహన్‌ప్రసాదు అను ఒకడు. బులాకీదాసు అను షావుకారు చనిపోగా, అతని ఆస్తి వ్యవహారములు ఇతడు చూచుచుండెను. నందకుమారుడు విక్రయమునకై ఇచ్చిన నగలు కల్లోలములో దోపిడీకి పోయినందున, వాని వెలగా 48,021 రూపాయలు చెల్లింతునని బులాకీదాసు 1765లో వ్రాసియిచ్చినట్లు ఒక పత్రము కలదు. షావుకారు మరణించిన పిమ్మట నందకుమారుడు ఆ పత్రము చూపి పైకము రాబట్టుకొనెను. ఆ పత్రమే కల్పితమని అభియోగము.

ఇది అప్పటికప్పుడు అల్లిన కథ యని త్రోసివేయుటకు వీలులేదు. ఆ పైకమును గూర్చి 1772 నుండియే దివానీ అదాలతులో వ్యాజ్యము నడచుచుండెను. అయినను, ఏండ్ల తరబడి కాగితములలో నిద్రించిన తగవు, లంచపు ఆరోపణ వెలువడిన వెంటనే ఉరికొయ్య ఎక్కుట చూచినవారికి అనుమానము కలుగకుండునా? తనకు ప్రమేయము లేదని హేస్టింగ్సు చెప్పెను. కాదని నిరూపింపగల లేఖ ఒక్కటియు నేటివరకు బయటపడలేదు.

విచారణ జూన్ 8న మొదలయ్యెను. ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపీ. వెస్ట్‌మినిస్టరు పాఠశాలలో హేస్టింగ్సుకు సహాధ్యాయి. ఆయనతోబాటు ముగ్గురు న్యాయమూర్తులు, పన్నిద్దరు జూరీలు. జూరీలలో బంగాళీ ఒక్కడును లేడు. సాక్షుల మాటలను ఇంగ్లీషులోనికి మార్చిన దుబాసీ హేస్టింగ్సుకు స్నేహితుడు. జూన్ మాసపు కలకత్తా ఎండను, ఉక్కను తలచుకొనినచో ఆ దినములెట్లు గడచెనో ఊహింపవచ్చును.

పత్రమున సాక్షులుగా కనబడు పేర్లు మూడు. వానిలో ఒకడు చనిపోయెను. రెండవవాడు అసలు పుట్టనేలేదని అభియోగపక్షము. ఉండెను, మరణించెనని ప్రతివాది పక్షము. మూడవ ముద్ర కమాలుద్దీను అనువానిది. ముద్ర తనదే గాని, అది నందకుమారుని వద్ద ఉన్న కాలమున తనకు తెలియకుండ వేయబడినదని అతడు చెప్పెను. ఈ కమాలుద్దీనే కొలది వారముల క్రితము, హేస్టింగ్సుపై తప్పుడు ఆరోపణలు చేయుమని నందకుమారుడు తన్ను నిర్బంధించెనని మరొక వ్యాజ్యమునకు కారకుడయ్యెను. ప్రతివాది పక్షమున పలువురు వచ్చి, పత్రము వ్రాయుచుండగా కన్నులార చూచితిమనిరి. వీరు నేర్పిన పాఠము అప్పగించుచున్నారని న్యాయమూర్తులు తలచిరి. తామే వారిని గ్రుచ్చి గ్రుచ్చి ప్రశ్నించిరి. జూన్ 16 తెల్లవారుజామున నాలుగు గంటలకు జూరీ దోషి యనెను.

పత్రము నిజముగా కల్పితమేనా? మా తలపున, కావచ్చును. ఉభయపక్షముల సాక్షులను నమ్మజాలని వ్యవహారమున అంతకంటె గట్టిగా చెప్పుట న్యాయము కాదు. 1885లో జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను అను న్యాయవేత్త ఇంపీని సమర్థించి గ్రంథము వ్రాసెను. మరుసటి సంవత్సరమే బెవరిడ్జి, అది న్యాయము ముసుగున జరిగిన హత్యయని మరొక గ్రంథము వెలువరించెను. ఇరువురును ఆ సాక్ష్యములనే చదివిరి.

కాని దోషి యగుట వేరు, ఉరి న్యాయమగుట వేరు. ఈ రెంటిని కలిపివేయుట చేతనే ఇంత వివాదము పెరిగెనని మాకు తోచుచున్నది. శిక్షకు ఆధారము 1729లో ఇంగ్లండున చేసిన శాసనము. కాగితపు హామీలమీద నిలిచిన లండను వర్తకమును కాపాడుటకు పుట్టిన చట్టమది. బంగాళమున అట్టి నేరమునకు ప్రాణము తీయు ఆచారము లేదు. కలకత్తా కూడ వర్తకపట్టణమే గనుక ఆ శాసనము ఇచట చెల్లునని ఇంపీ వాదము. న్యాయమూర్తి చేంబర్సు మొదట సందేహించి, మరణశిక్ష లేని పాత చట్టము క్రింద విచారింపవచ్చునని సూచించెను గాని, తుదకు సహచరుల వెంట నడచెను. తరువాతి కాలపు న్యాయస్థానములు, ఇంగ్లీషు చట్టములు కలకత్తాకు వచ్చినది 1726 నాటి రాజపత్రముతో నని నిర్ణయించినవి. ఆ లెక్కన 1729 నాటి శాసనము కలకత్తాను చేరనే లేదు! మరియొక మాట: పత్రము 1765 నాటిది, ఆ న్యాయస్థానము పుట్టినది 1774లో.

శిక్ష నిలుపుదల చేసి రాజుగారికి విన్నవించు అధికారము న్యాయమూర్తులకు కలదు. నవాబు ముబారకుద్దౌలా సైతము ఆ మాటయే కోరెను. వారు అంగీకరింపలేదు.

చెరసాలలో నందకుమారుడు మ్లేచ్ఛస్పర్శ గల చోట భుజింపనని ఉపవసించెను. కడపటి సాయంకాలము షెరీఫు చూడబోగా, చలింపక మాటలాడెను. ఆలోచనసభలోని ఆ ముగ్గురికి తన నమస్కారములు తెలుపుమని, తన కుమారుడు గురుదాసును కాపాడుడని చెప్పుమని కోరెను.

ఆ ముగ్గురు ఏమి చేసిరి? నందకుమారుని విన్నపమొకటి ఉరికి ముందే క్లేవరింగు చేతికందెను. తాను నిరపరాధిననియు, గవర్నరుమీద నేరము మోపినందున న్యాయమూర్తులు తన ప్రాణము తీయుచున్నారనియు అందు వ్రాసియుండెను. క్లేవరింగు దానిని ఉరి ముగిసిన పిమ్మటనే విప్పించి, ఆగస్టు 14న సభకు తెచ్చెను. అది న్యాయమూర్తులకు అపవాదమని, తలారిచేత బహిరంగముగా కాల్పింపవలెనని తీర్మానము తెచ్చినవాడు ఎవరనుకొన్నారు? మార్చిలో నందకుమారుని లేఖను సభకు తెచ్చిన ఫ్రాన్సిసే! కాగితము కాల్చిరి.

అయితే హేస్టింగ్సు దాని నకలు దాచియుంచెను. 1788లో ఇంపీ పార్లమెంటు ముందు సమాధానము చెప్పుకొనవలసి వచ్చినప్పుడు ఆ నకలునే బయటపెట్టి, నాడు దానిని అపవాదమని కాల్పించిన ఫ్రాన్సిసు నేడు అదే మాట తనపై పలుకుచున్నాడని చూపెను. ఇంపీపై నేరారోపణ తీర్మానము 73 మంది కాదనగా, 55 మంది అవుననగా, వీగిపోయెను.