తప్పు ఎక్కడుందో చెప్పే రేడియో

రేడియో చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఎవరు కనిపెట్టారు, పేటెంట్ ఎవరికి దక్కింది, ఎవరు ఎవరి మీద కోర్టుకెక్కారు అన్న వరసలో చెప్పుకొస్తారు. ఇంట్లో కూర్చుని సొంతంగా సెట్లు కట్టుకున్నవాళ్ల చరిత్రకు ఆ వరస సరిపోదు. సర్క్యూట్ బొమ్మ పత్రికల్లో దొరికేది, చూసి కట్టేవాళ్లు. కట్టిన సెట్టు పలకకపోతే అప్పుడు మొదలయ్యేది అసలు పని. అందుకే ఈ అభిరుచి చరిత్రను ఆవిష్కరణల చరిత్రగా కాక, తప్పుల వెతుకులాట చరిత్రగా చదవాలంటాను. అలా చదివితే సర్క్యూట్లు బాగుపడటం అన్న మాటకు వేరే కొలత దొరుకుతుంది. ఎంత దూరపు స్టేషను వినిపించింది అన్నది కాదు, పలకనప్పుడు లోపం ఎక్కడుందో కట్టినవాడికి ఎంత తేలిగ్గా తెలిసింది అన్నది. దీనికి మంచి సాక్ష్యం హైదరాబాద్‌లోనే ఉంది. అయితే ముందు 1914 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది అక్టోబరులో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ యువకుడికి రీజనరేటివ్ రిసీవర్ మీద పేటెంట్ వచ్చింది. వాల్వు పెద్దది చేసి పంపిన సిగ్నల్లో కొంత భాగాన్ని ఒక చిన్న కాయిల్ ద్వారా మళ్లీ అదే వాల్వు గ్రిడ్ వైపు తిప్పి పంపడం ఇందులోని కిటుకు. తిరిగొచ్చింది మళ్లీ పెద్దదవుతుంది, మళ్లీ తిరిగొస్తుంది. అలా ఒక్క వాల్వు ఎన్నో వాల్వుల పని చేసేది. వాల్వుల ధర మండిపోతున్న రోజుల్లో అది వరమే. కానీ సెట్టు బాగా పనిచేసేది సరిగ్గా ఈల వేయబోయే అంచు మీదే. నాబ్ వెంట్రుకవాసి ఎక్కువ తిప్పినా, బ్యాటరీ దిగినా, ఏరియల్ గాలికి ఊగినా, చివరికి చెయ్యి దగ్గరికి తెచ్చినా ఈల మొదలయ్యేది. ఈల మొదలైతే రిసీవర్ కాస్తా చిన్న ట్రాన్స్‌మిటర్ అయిపోయి పక్కింటి సెట్టులో కూడా కూసేది. 1920లలో బీబీసీ చీఫ్ ఇంజినీరు పి.పి. ఎకర్‌స్లీ ఈ పని మానుకోమని శ్రోతలను రేడియోలోనే బతిమాలవలసి వచ్చింది.

ఈల కన్నా పెద్ద చిక్కు మరొకటుంది. పెద్దది చేయడం, స్టేషన్లను విడదీయడం, శబ్దాన్ని బయటికి తీయడం మూడూ ఒకే వాల్వు చుట్టూ ముడిపడి ఉంటాయి. సెట్టు పలకకపోతే కాయిల్ చుట్లు తప్పా, వాల్వు అరిగిందా, బ్యాటరీ నీరసించిందా? ఒకటి మారిస్తే మిగతావన్నీ కదులుతాయి. ఏ భాగాన్నీ విడిగా పరీక్షించే దారి లేదు. కొద్ది సామాను నుంచి గరిష్ఠంగా పిండుకునే సర్క్యూట్ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది; లోపానికి అందులో చిరునామా ఉండదు.

అదే ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో, యుద్ధకాలపు పారిస్‌లో, సూపర్‌హెటరోడైన్ ఆలోచన చేశాడు. వచ్చిన స్టేషను ఏదైనా ముందు దాన్ని ఒకే స్థిరమైన ఫ్రీక్వెన్సీకి (ఐఎఫ్‌కు) మార్చి, అక్కడ పెద్దది చేసి, ఆ తర్వాత డిటెక్టరుకు, ఆడియోకు పంపుతారు. మన ఇళ్లలోని వాల్వు సెట్లలో, ఆ తర్వాత వచ్చిన ట్రాన్సిస్టర్లలో 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్‌టీలు (ఆ ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేసిన ట్రాన్స్‌ఫార్మర్లు) ఈ కోవవే. దీని వల్ల స్టేషన్లు కలగాపులగం కాకుండా విడివిడిగా వచ్చాయని పుస్తకాలు చెబుతాయి, నిజమే. మెకానిక్‌కు కలిసొచ్చింది మాత్రం వేరు: సెట్టు గదులుగా విడిపోయింది. ట్రాన్సిస్టర్ సెట్టులో వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలుకు స్క్రూడ్రైవర్ మొన తాకిస్తే స్పీకరు బుర్రుమంటుంది. అన్నదంటే అక్కడి నుంచి స్పీకరు దాకా అంతా క్షేమం, దోషం వెనక గదుల్లో ఉంది. తర్వాత డిటెక్టరు, ఆపైన ఐఎఫ్, ఇలా ఒక్కో మెట్టూ వెనక్కి నడవాలి. (వాల్వు సెట్టుతో ఈ చనువు పనికిరాదు. కొన్నింటి చాసిస్‌కే మెయిన్స్ కరెంటు తగిలి ఉంటుంది.) అమెరికాలో జాన్ రైడర్ 1930ల మొదటి నుంచి వేలాది సెట్ల సర్క్యూట్లను సేకరించి ‘పర్పెచ్యువల్ ట్రబుల్ షూటర్స్ మాన్యువల్’ పేరుతో సంపుటాలుగా అచ్చువేశాడు. గదులున్నా గదుల పటం లేకపోతే వెతకలేం కదా.

మన దగ్గర కథ మరో రకం ఇరుకులో నడిచింది. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. వినే సెట్టుకు కూడా 1980ల మధ్య వరకు లైసెన్సు ఫీజు కట్టాల్సి వచ్చేది. పంపే సెట్టు కట్టాలనుకునే హ్యామ్‌కు (ఔత్సాహిక రేడియో ప్రియుడికి) పరీక్ష, లైసెన్సు, అన్నిటికీ మించి సామాను కరువు. విదేశీ పత్రికలో ఫలానా నంబరు టొరాయిడ్, ఫలానా ట్రాన్సిస్టర్ అని ఉంటుంది. అది ఇక్కడ దొరకదు. దొరికిన దానితో కడితే సర్క్యూట్ పలకదు. పలకకపోవడానికి కారణం మార్చి పెట్టిన భాగమా, సోల్డరింగా అన్నది తేలదు. కొరతలో తెలివి పుడుతుందని మురిసిపోవడం మనకు అలవాటు. కొరత వల్ల సగంలో ఆగి అటకెక్కిన సెట్లను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

2000ల తొలి ఏళ్లలో హైదరాబాద్ హ్యామ్ అశ్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ) ప్రచురించిన బిట్ఎక్స్ ఈ చిక్కుకు సూటిగా ఇచ్చిన జవాబు. 14 మెగాహెర్ట్జ్‌లో ఆరు వాట్ల సింగిల్ సైడ్‌బ్యాండ్ ట్రాన్సీవర్ అది. కాయిళ్లకు టొరాయిడ్ల బదులు నీటి కొళాయిలో వేసే నైలాన్ వాషర్లు, ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్లు, చివర ఐఆర్ఎఫ్510 అనే చవక మాస్ఫెట్. కోఠీ గుజరాతీ గల్లీలోనో, పక్క హార్డ్‌వేర్ దుకాణంలోనో దొరికే సరుకు. అందరూ ఈ వాషర్ల గురించే ముచ్చటపడ్డారు. నాకు మాత్రం దీని ఘనత ఆంప్లిఫయర్లలో కనిపిస్తుంది. బీసీ547 లాంటి ట్రాన్సిస్టర్ కరెంటు గెయిన్ ముక్కను బట్టి 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండవచ్చు. బిట్ఎక్స్‌లో ప్రతి ఆంప్లిఫయర్‌కూ దండిగా నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు కాబట్టి, ఎంత పెద్దది చేయాలన్నది ట్రాన్సిస్టర్ చేతిలో లేదు, దాని చుట్టూ ఉన్న రెసిస్టర్ల చేతిలో ఉంది. బీసీ547 లేదంటే 2ఎన్3904 పెట్టండి. కాళ్ల వరస మాత్రం రెండింటికీ తలకిందులు, అది చూసుకోండి. ఆర్మ్‌స్ట్రాంగ్ తిప్పి పంపిన సిగ్నల్ బలాన్ని పెంచింది. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ ఆలోచించిన ఈ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ బలాన్ని వదులుకుని నిలకడ కొనుక్కుంటుంది.

ఇంకో సంగతి. వినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ సిగ్నల్ అవే మిక్సర్లు, అదే క్రిస్టల్ ఫిల్టర్ గుండా వెళుతుంది, దిశ మాత్రమే మారుతుంది. కనుక సెట్టు వినిపిస్తోందంటే ఆసిలేటర్లు, మిక్సర్లు, ఫిల్టర్ అన్నీ బాగున్నట్టే. మాట బయటికి వెళ్లకపోతే మైకు ఆంప్లిఫయర్, పంపే వైపు ట్రాన్సిస్టర్లు, పవర్ ఆంప్లిఫయర్ చూసుకుంటే చాలు. ఒక జెర్మేనియం డయోడ్, ఒక చిన్న కండెన్సర్ కలిపి మల్టీమీటర్‌కు ప్రోబ్‌గా తగిలిస్తే ఏ మెట్టు దగ్గర సిగ్నల్ ఆగిపోయిందో ముల్లే చూపిస్తుంది. సగం సెట్టుకు పరీక్ష కాగితం మిగతా సగమే రాసిపెట్టినట్టు ఉంటుంది ఈ కట్టుబడి.

దీనికి అభ్యంతరాలున్నాయి. నాలుగు ట్రాన్సిస్టర్ల పనికి ఎనిమిది వాడటం దుబారా కాదా అని ఒకటి. రూపాయిల్లో దొరికే ట్రాన్సిస్టర్‌కు ఆ మాట చెల్లదు. ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నవాడి ఓపికే ఇక్కడ ఖరీదైన సరుకు. జపాన్ కంపెనీ సెట్టు దీనికన్నా మేలు కదా అన్నది మరొకటి. వినికిడికి మేలే, సందేహం లేదు. కానీ చిన్న చిన్న సర్ఫేస్ మౌంట్ భాగాలతో కిక్కిరిసిన ఆ బోర్డు చెడితే సొంతదారుడు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

గట్టి అభ్యంతరం మూడోది, అది హైదరాబాద్ డిజైన్ నుంచే వచ్చింది. 2017 చివర్లో వచ్చిన ఫర్హాన్ మైక్రోబిట్ఎక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా పది వాట్ల స్థాయిలో పనిచేసే సెట్టు. వేలమంది దాన్ని తెప్పించుకుని బిగించుకున్నారు, మాట్లాడుకున్నారు, తృప్తిపడ్డారు. 2018లో కొందరు దాన్ని స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు తగిలించి చూస్తే, హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీ గుణిజాల దగ్గర పుట్టే అనవసర సిగ్నళ్లు) ఉండకూడనంత బలంగా బయటికి పోతున్నాయి. అమెరికా నిబంధన ప్రకారం అవి అసలు సిగ్నల్ కన్నా కనీసం 43 డెసిబెల్స్ కింద ఉండాలి. ఫిల్టర్ ఉంది, భాగాలన్నీ సరైనవే. కానీ ఫిల్టర్‌లోకి వెళ్లే దారి, వచ్చే దారి ఒకే రిలేలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక కాంటాక్ట్ నుంచి మరో కాంటాక్ట్‌కు హార్మోనిక్స్ గెంతి, ఫిల్టర్‌ను తప్పించుకుని ఏరియల్‌కు చేరుతున్నాయి. పైబ్యాండ్లలో మిక్సర్లు పుట్టించే దొంగ సిగ్నళ్లు అదనం. చెవికి వినపడని, మల్టీమీటర్‌కు చిక్కని లోపం ఇది. మరి సులువుగా తప్పు వెతకగల సర్క్యూట్ అన్న గొప్ప ఏమైనట్టు?

ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. పలికిందంటే బాగున్నట్టే అన్న మెకానిక్ నమ్మకం వినే సెట్టుకు చాలు, పంపే సెట్టుకు చాలదు. దాని లోపం కట్టినవాడికి కాదు, పక్కవాళ్లకు తగులుతుంది, ఎకర్‌స్లీ కాలంలో లాగే. రెండో సగం మాత్రం ఒప్పుకోను. సర్క్యూట్ బొమ్మ, సాఫ్ట్‌వేర్ రెండూ బహిరంగంగా ఉండబట్టే కొనుక్కున్నవాళ్లు కొలవగలిగారు, కారణం రిలే దాకా తవ్వగలిగారు. కొందరు రిలేలు మార్చారు, కొందరు అదనపు రిలే బోర్డులు చేశారు, ఆ అనుభవం 2019 నాటి ఐదో కూర్పులో మారిన వైరింగై వచ్చింది. అంతకు ముందరి ఫర్హాన్ సెట్టు బిట్ఎక్స్40లో వేడెక్కే కొద్దీ జారిపోయే అనలాగ్ వీఎఫ్ఓ (స్టేషను మార్చే ఆసిలేటర్) స్థానంలో సై5351 చిప్‌తో నడిచే డిజిటల్ బోర్డు వచ్చిన తీరూ ఇదే. మూసిపెట్టిన పెట్టెలో అదే లోపం ఉంటే కంపెనీకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత కొలిచే పరికరాలూ చేతికందాయి. 2019 నాటికి నానోవీఎన్ఏ, 2020లో టైనీఎస్ఏ, జేబులో పట్టే పరిమాణంలో, కాలేజీ ల్యాబుకే పరిమితమైన పనిని కొన్ని వేల రూపాయలకు చేసిపెట్టాయి. ఫర్హాన్ కూడా ట్రాన్సీవర్లతో ఆగలేదు. స్వీపరినో, ఆంట్యునో అనే కొలిచే పరికరాల డిజైన్లూ బయటపెట్టాడు. అతని తర్వాతి సెట్టు ఎస్‌బిట్ఎక్స్‌లో సిగ్నల్ మీద జరిగే పని చాలావరకు రాస్ప్‌బెర్రీ పై మీద సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోయింది. డయోడ్ ప్రోబ్ అక్కడ దేనికీ తాకదు, వెతకాలంటే కోడ్ చదవాలి. పవర్ ఆంప్లిఫయర్, దాని వెనక లో-పాస్ ఫిల్టర్లు, వాటిని మార్చే రిలేలు మాత్రం ఇప్పటికీ సోల్డర్ మీదే ఉన్నాయి.