బెరిబెరి వ్యాధి – ప్రభుత్వ పరిశోధనలు

చల్లపల్లి పరిసరాలలో కృష్ణ కాలువల నీటితో పండే ముఖ్యమైన పంట వరి. ధాన్యం మిల్లుకు వెళ్లి ప్రధానంగా రెండు సరుకులై బయటకు వస్తుంది. తెల్లని బియ్యం మనిషి పాలు, తవుడు పశువుల పాలు. ఈ పంపకంలో మనిషి పోగొట్టుకుంటున్నది ఏమిటో తేలడానికి శాస్త్రజ్ఞులకు సుమారు నూరేళ్లు పట్టింది. ఆ నూరేళ్ల చరిత్రలో ఒకనాటి ఉత్తర సర్కారులకు, అనగా నేటి కోస్తా ఆంధ్ర జిల్లాలకు, ఒక ప్రత్యేక స్థానం ఉంది.

ఆ లోపం వల్ల కలిగే జబ్బు పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, పిక్కలు నొప్పి పుట్టి, క్రమంగా నడక పట్టు తప్పడం దీని ఒక రూపం. ఒళ్లు నీరు పట్టి, గుండె పెద్దదై ఆయాసం కలగడం మరొక రూపం. మూడవది అన్నిటికన్నా దారుణమైనది. అది తల్లిపాలు మాత్రమే తాగే రెండు మూడు నెలల పసికందులకు వస్తుంది. తల్లి పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. ఆమె పాలలో ఒక పదార్థం చాలకపోవడం చేత బిడ్డకు గొంతు పోయి ఏడుపైనా వినిపించదు. సకాలంలో చికిత్స జరగకపోతే గంటల వ్యవధిలో ప్రాణం పోవచ్చు.

ఈ వ్యాధి గురించి ప్రభుత్వాలకు ఆసక్తి కలిగింది ఈ పసిపిల్లలను చూసి కాదు. మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు మాల్కంసన్ బెరిబెరి మీద రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. ఉత్తర సర్కారులలో ఈ జబ్బు ఉన్నదని అందులో వివరించాడు. అప్పటి వైద్యుల ఎదుట ఉన్న రోగులలో సిపాయిలు, ఖైదీలు ముఖ్యులు. సిపాయి మంచం పడితే సర్కారుకు నష్టం; ఖైదీ మరణిస్తే సర్కారు లెక్క చెప్పుకోవాలి. పల్లెలో బాలింత బిడ్డ మరణిస్తే ఏ చిట్టాలోనూ ఆ జబ్బు పేరు చేరేది కాదు.

ఇతర దేశాలలోనూ ఇదే వరస. తూర్పు ఇండీస్‌లో తమ సైన్యం బెరిబెరితో చిక్కిపోవడం చూసి డచ్చి ప్రభుత్వం 1886లో ఒక పరిశోధక సంఘాన్ని జావాకు పంపింది. ఆ సంఘం తిరిగి వెళ్లిన తరువాత ఐక్‌మన్ అక్కడే ఉండి, పాలిషు పట్టిన బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి వంటి జబ్బు వస్తుందనీ, తవుడు పెడితే నయమవుతుందనీ కనుగొన్నాడు. 1895–96లో జావా జైళ్లలో వోర్డర్‌మన్ జరిపిన పరిశీలన మనుషుల విషయంలోనూ దీనిని బలపరచింది. మలయాలో ఫ్రేజర్, స్టాంటన్ అనే వైద్యులు రోడ్డు పని కూలీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తెల్లబియ్యం, రెండవ జట్టుకు ఉప్పుడు బియ్యం పెట్టించారు. జబ్బు తెల్లబియ్యం జట్టుకే వచ్చింది. బియ్యాన్ని తారుమారు చేస్తే జబ్బు కూడా జట్టు మారింది.

భారతదేశంలో వైద్య పరిశోధనకు ప్రభుత్వ ధనం క్రమబద్ధంగా అందించడానికి 1911లో ఇండియన్ రీసెర్చి ఫండ్ అసోసియేషన్ ఏర్పడింది. నేటి భారత వైద్య పరిశోధన మండలికి పూర్వరూపం అదే. 1918లో కూనూరులోని పాస్తర్ ఇన్‌స్టిట్యూటులో ఒకే ఒక గదిలో మెక్కారిసన్ ‘బెరిబెరి విచారణ’ ప్రారంభించాడు. అయిదేళ్లు తిరగకముందే, 1923లో, పొదుపు పేరిట ప్రభుత్వం దానిని నిలిపివేసింది. రెండేళ్ల తరువాత ‘లోపవ్యాధుల విచారణ’ అనే పేరుతో పని తిరిగి సాగింది. 1928 నాటికి అది పోషకాహార పరిశోధనాలయంగా రూపొందింది.

తవుడులోని పదార్థం కోసం అన్వేషణ మరొక దారిలోనూ సాగింది. 1886లో నెల్లూరులో మిషనరీ దంపతులకు జన్మించిన రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికన్ రసాయనికుడు, మనీలాలోని ప్రభుత్వ శాస్త్రశాలలో 1910 ప్రాంతంలో ఈ పనికి పూనుకున్నాడు. ఆ కొలువు విడిచిన తరువాత కూడా దానిని మానలేదు. జాన్సెన్, డోనాథ్ 1926లో జావాలో ఆ పదార్థాన్ని స్ఫటికరూపంలో వేరుచేశారు. 1936లో విలియమ్స్ దానిని కృత్రిమంగా తయారుచేయగలిగాడు. అదే థయమిన్, అనగా బి1 విటమిన్.

ఇక లెక్క చూద్దాం. 100 గ్రాముల మిల్లు పచ్చిబియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యంలో 0.21; ఉప్పుడు బియ్యాన్ని మిల్లు పట్టినా 0.21, తవుడులో 2.7. రోజుకు అర కిలో మిల్లుబియ్యం తప్ప మరేమీ దొరకని మనిషికి అందేది 0.3 మిల్లీగ్రాములు. ఆ తిండి ఇచ్చే శక్తికి తగినట్లు ఉండవలసింది సుమారు 0.85. కడుగు నీళ్లతోనూ, వార్చిన గంజితోనూ ఆ కొంచెంలో మరికొంత పోతుంది. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరల్లోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. కనుకనే ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలను వదలి, పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారులను ఈ వ్యాధి పట్టుకున్నది. రోకటితో దంచినా, బియ్యాన్ని మరీ తెల్లగా చేస్తే ఇదే నష్టం.

కూనూరులో మెక్కారిసన్ తరువాత వచ్చిన ఏక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో బియ్యం సమస్యపై ఒక సమగ్ర గ్రంథం ప్రచురించారు. కారణం తెలిసింది, ఉపాయమూ తెలిసింది. కాని ఉప్పుడు బియ్యపు వాసన సర్కారు జిల్లాల వారికి గిట్టదు; దంపుడుకు కూలి ఎక్కువ. ప్రయోగశాలలో తేలిన సత్యం వంటింటికి చేరడానికి మరొక రకం కృషి కావాలి. అందుకు కూడా ధనం కావాలి. తరువాతి దశాబ్దాలలో బెరిబెరి అరుదు కావడానికి, అన్నం పక్కన పప్పు, కూరలు, పాలు చేరడం ముఖ్యంగా తోడ్పడింది. అవి కొనలేని ఇంటికి ఆ రక్షణ ఆలస్యంగా చేరింది.

ఒక గదిలో పుట్టిన పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. జొన్న ప్రధానాహారంగా గల పేదలకు వచ్చే పెల్లాగ్రాపై గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో వెలువరించిన పరిశోధన అక్కడిదే. పిల్లల అంధత్వాన్ని నివారించడానికి ‘ఎ’ విటమిన్ పెద్ద మోతాదులో ఇచ్చే జాతీయ పథకం 1970లో మొదలవడానికి ఆ సంస్థ పరిశీలనలు ఆధారమయ్యాయి. 1923లో తెగిన దారం మళ్లీ ముడిపడకుంటే ఈ పనులు ఇక్కడ ఇంత త్వరగా జరిగేవి కావు.

పేదల జబ్బులకు మందు కనిపెట్టి లాభం పొందగోరే వర్తకులు తక్కువ. విలియమ్స్ వలె పాతికేళ్లు పట్టు విడవని వారూ తక్కువే. కనుక ఆ భారం ప్రభుత్వాలదే. పొదుపు అవసరమైన ప్రతిసారీ మొదట తగ్గించదగిన ఖర్చుగా ఇట్టి పరిశోధన కనిపించవచ్చు. ఆ ఖర్చు తగ్గినప్పుడు నష్టపోయేది ఎవరో మాత్రం ఖజానా పద్దులలో కనిపించదు. గొంతు పోయి ఏడ్వలేని బిడ్డ తన కష్టం చెప్పుకోలేదు. దానిని లెక్కలోకి తెచ్చేది పరిశోధనే.